పని లేకపోతే చిన్నబోయే గ్రంథి

మా వదిన పోయిన నెల ఒక వీడియో పంపింది. పొద్దున లేవబుద్ధి కాకపోయినా, మధ్యాహ్నం కళ్లు మూతలు పడుతున్నా, చిన్న మాటకే చిరాకు వస్తున్నా మీ అడ్రినల్ గ్రంథులు అలసిపోయినట్టేనని తెల్లకోటు వేసుకున్న ఒకాయన అందులో తేల్చేశాడు. ఏళ్ల తరబడి ఒత్తిడి మోసి మోసి అవి ముసలి గుర్రంలా చతికిలబడతాయట. వాటికి సత్తువనిచ్చే గుళికలు ఆయన దగ్గరే దొరుకుతాయని చివర్లో తెలిసింది. "నీకు అప్పుడు వచ్చింది ఇదేనేమో చూడు" అని వదిన కింద ఒక ముక్క రాసింది.

వదిన అనుమానానికి కారణం లేకపోలేదు. మూడేళ్ల క్రితం నా అడ్రినల్ గ్రంథులు నిజంగానే మొరాయించాయి. ఊపిరితిత్తుల జబ్బుకి ఐదు నెలలు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు వేసుకున్నాను. దగ్గు పోయింది, మొహం మాత్రం బూరెలా ఉబ్బింది. అద్దంలో కనిపించే మనిషిని భరించలేక, మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రమ్మని డాక్టర్ రాసిచ్చిన కాగితం పక్కన పడేసి, ఒక ఆదివారం మాత్రలన్నీ ఒక్కసారే ఆపేశాను. తెలివితక్కువ పని. వారం తిరక్కముందే వాంతులు మొదలయ్యాయి, లేచి నిలబడితే కళ్లు తిరిగేవి. ఒకరోజు మెట్ల మీదే కూలబడిపోయాను. ఎమర్జెన్సీలో సెలైన్ పెట్టి, అడ్రినల్ హార్మోన్ కార్టిసాల్‌కు బదులుగా పనిచేసే హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ ఇచ్చిన డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. "ఐదు నెలలుగా మీ గ్రంథులకు కబురు పెట్టినవాళ్లు లేరు. ముడుచుకుపోయాయి" అంది, అంతే.

ఆ మాట పట్టుకుని నేను చదువులో పడ్డాను. డాక్టర్ని కాను, జీవశాస్త్రం డిగ్రీతో ఆగిపోయినవాణ్ణి. అయినా ఈ గ్రంథి పుట్టుక, పెరుగుదల, చెడిపోయే తీరు చదివిన కొద్దీ ఒక సంగతి నాకు ఖాయమైంది: ఆ వీడియోలోని గుర్రం పోలిక తలకిందులు. పని పెరిగితే ఈ గ్రంథి పెరుగుతుంది. పని చెప్పేవాళ్లు లేకపోతే చిక్కిపోతుంది. దాని ఎదుగుదలకు అడ్డుపడేవి చాలానే ఉన్నాయి కానీ, మన ఉద్యోగాల ఒత్తిడి ఆ జాబితాలో ఎక్కడా లేదు.

అసలు దీని పేరులోనే ఒక తప్పుదారి ఉంది. మన పాఠ్యపుస్తకాలు అధివృక్క గ్రంథి అంటాయి, అంటే కిడ్నీ మీద కూర్చున్నది. 1563లో ఇటలీ శరీరశాస్త్రవేత్త బార్తొలొమియో యూస్టాకి దీన్ని మొదట వర్ణించినప్పుడూ కిడ్నీ మీది గ్రంథి అనే అన్నాడు. అక్కడ ఎందుకు కూర్చుందో చాలాకాలం అంతుపట్టలేదు. 1716లో ఫ్రాన్స్‌లోని బోర్డో అకాడమీ సరిగ్గా ఈ ప్రశ్న మీదే వ్యాసాల పోటీ పెడితే, వచ్చిన వ్యాసాలు చదివిన తత్వవేత్త మాంటెస్క్యూ ఒక్కదానికీ బహుమతి ఇవ్వలేకపోయాడు. 1855లో లండన్ వైద్యుడు థామస్ అడిసన్ 11 మంది రోగుల కథలు అచ్చువేశాకగానీ, ఇది పాడైతే మనిషి చర్మం నల్లబడి, నీరసించి, చనిపోతాడని లోకానికి తెలియలేదు.

కిడ్నీతో దీని చుట్టరికం ఇరుగుపొరుగు చుట్టరికమే. కొందరు పిల్లలు ఒక కిడ్నీ లేకుండానే పుడతారు. అలాంటప్పుడు ఆ పక్క అడ్రినల్ గ్రంథి కూడా ఉండదనుకుంటాం. ఉంటుంది, నిక్షేపంగా తన చోటే ఉంటుంది. కాకపోతే కింద ఆనించుకోవడానికి కిడ్నీ లేదు కాబట్టి టోపీ ఆకారం రాక బిళ్లలా చదునుగా పడుకుని ఉంటుంది. స్కాన్ తీసేవాళ్లకు ఇదొక ఆనవాలు కూడా.

దీని అసలు తోబుట్టువులు వేరే. పిండానికి నాలుగో వారం నడుస్తుండగా పొట్ట లోపలి గోడను కప్పే పొరలో ఒకచోట కణాలు గట్టుకట్టినట్టు పేరుకుంటాయి. ఎస్‌ఎఫ్-1 అనే ప్రొటీన్ అక్కడ పెత్తనం తీసుకుంటుంది. ఆ ఒక్క గట్టులోంచే ఒక పాయ గ్రంథి బయటి భాగమైన అడ్రినల్ కార్టెక్స్‌గా, ఇంకో పాయ వృషణాలుగానో అండాశయాలుగానో విడిపోతాయి. ఉమ్మడి కుటుంబం వేరుపడినప్పుడు సామాన్లు కలిసిపోయినట్టు, కొన్ని అడ్రినల్ కణాలు పొరపాటున అటు పాయతో వెళ్లిపోతాయి. పెద్దయ్యాక కూడా వృషణాల దగ్గరో, అండాశయాల దగ్గరో అడ్రినల్ ముక్కలు దొరకడం అందుకే. మామూలుగా వాటివల్ల హాని లేదు. ఎస్‌ఎఫ్-1 జన్యువే దెబ్బతింటే మాత్రం రెండు పాయలూ చెడవచ్చు. మొదట్లో బయటపడ్డ కేసుల్లో అడ్రినల్ గ్రంథి, వృషణాలు రెండూ సరిగ్గా రూపుకట్టలేదు.

ఇది కార్టెక్స్ కథ. అడ్రినలిన్ చేసే లోపలి గుజ్జు, అంటే మెడుల్లా, వేరే వంశం. నాడీవ్యవస్థకు మూలమైన న్యూరల్ క్రెస్ట్ నుంచి కణాలు బయలుదేరి, వెన్ను పక్కనుంచి దిగి, ఏడెనిమిది వారాలప్పుడు ఈ గ్రంథిలోకి చొరబడతాయి. అవి నేరుగా వచ్చి స్థిరపడతాయని చాలాకాలం అనుకున్నారు. 2017లో ఎలుకల మీద వచ్చిన పరిశోధన, వాటిలో ఎక్కువ భాగం నాడుల వెంట, నాడులకు తొడుగు కట్టే కణాల పూర్వరూపంలో ప్రయాణించి వస్తాయని చూపింది. తీగ పట్టుకుని పాకుతూ ఇల్లు చేరినట్టన్నమాట. తొమ్మిదో వారం నాటికి అంతటికీ చుట్టూ ఒక తొడుగు బిగుసుకుంటుంది. రెండు వంశాలు ఒక కప్పు కింద కాపురం మొదలుపెడతాయి.

ఈ కాపురం ఎందుకో నాకు చాలాకాలం అర్థం కాలేదు. చేపల్లో ఈ రెండు రకాల కణాలూ ఇంత పద్ధతిగా ఒకదానిలో ఒకటి ఇమిడి ఉండవు. మనలో ఉండటానికి ఒక కారణం రక్తం పారే దారిలో కనిపిస్తుంది. కార్టెక్స్ గుండా వచ్చే రక్తం అక్కడి కార్టిసాల్‌ను చిక్కగా మోసుకుని మెడుల్లాలోకి దిగుతుంది. నార్‌ అడ్రినలిన్‌ను అడ్రినలిన్‌గా మార్చే ఎంజైమ్ ఆ చిక్కటి కార్టిసాల్ తగిలితేనే సరిగ్గా తయారవుతుంది. పుట్టుకతోనే కార్టిసాల్ చేయలేని పిల్లల్లో మెడుల్లా కూడా అస్తవ్యస్తంగా తయారై, అడ్రినలిన్ బాగా తగ్గిపోతుంది. బయటి గదిలో లోపం లోపలి గది నిర్మాణాన్నే చెడగొట్టిందన్నమాట. "అడ్రినల్స్ అలసిపోయాయి" అనేవాళ్లు ఈ రెంటిలో దేన్ని ఉద్దేశించి అంటున్నారో ఎప్పుడూ చెప్పరు. అడిగినా చెప్పలేరని నా అనుమానం.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆశ్చర్యపరిచిన ఘట్టం. నెలలు నిండి పుట్టిన మూడు కిలోల బిడ్డలో రెండు అడ్రినల్ గ్రంథుల బరువూ కలిపితే, సుమారుగా పెద్ద మనిషి గ్రంథులంత ఉంటుంది, ఎనిమిది తొమ్మిది గ్రాములు. ఒంటి బరువుతో పోల్చి చూస్తే పెద్దవాళ్లకంటే ఇరవై రెట్లు పెద్దవి. దానిలో ఐదింట నాలుగు వంతులు మనకెవరికీ ఇప్పుడు లేని భాగం, పిండదశ కోసమే కట్టిన మండలం. అది డీహెచ్‌ఈఏ సల్ఫేట్ అనే ముడిసరుకును గంపగుత్తగా తయారుచేసి మాయకు పంపుతుంది, మాయ దాన్ని ఈస్ట్రోజన్‌గా మారుస్తుంది. నిండు గర్భిణి రక్తంలోని ఎస్ట్రియాల్‌లో ఎక్కువ భాగానికి ముడిసరుకు ఇచ్చింది కడుపులోని బిడ్డే. తల్లి బిడ్డను పోషిస్తుందని మాత్రమే చెప్పుకుంటాం గానీ, బిడ్డ గ్రంథి ఇంత చాకిరీ చేస్తుందని ఎవరూ చెప్పుకోరు.

బిడ్డ బయటికి రాగానే ఈ మండలం కూలిపోవడం మొదలవుతుంది. కొన్ని వారాల్లోనే గ్రంథి బరువు దాదాపు సగానికి పడిపోతుంది. మళ్లీ ఆ బరువు రావడానికి యౌవనం దాకా ఆగాలి. మధ్యలో బయటి పొరలు తీరుగా సర్దుకుంటాయి. మూడేళ్లప్పటికి ఉప్పును చూసుకునే పొర, కార్టిసాల్ చేసే పొర స్పష్టంగా వేరుపడతాయి. ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య లోపలివైపు మూడో పొర లేచి, మళ్లీ డీహెచ్‌ఈఏ చేయడం మొదలుపెడుతుంది. పిల్లల చెమట వాసన మారేది ఆ రోజుల్లోనే. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో ఇంకో విచిత్రం ఉంది. వాళ్ల పిండమండలం పుట్టిన రోజుతో పనిలేకుండా, అసలు పుట్టాల్సిన తేదీ దాకా చాలావరకు కొనసాగుతుంది. అందుకే ఆ పిల్లల్లో పెద్ద గ్రంథి ఉన్నా, అవసరానికి తగ్గ కార్టిసాల్ రాక రక్తపోటు నిలవని సందర్భాలు ఉంటాయి. పరిమాణం చూసి సామర్థ్యం అంచనా వేయకూడదని ఇక్కడే తెలుస్తుంది.

ఇంత పెద్ద గ్రంథిని పెంచుతున్నది ఎవరు? మెదడు పై భాగం ఏర్పడని పిండాల్లో దీనికి కొంత జవాబు దొరికింది. వాటిలో మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథికి పై నుంచి ఆజ్ఞలు అందవు. అడ్రినల్ గ్రంథి మొదటి 15 వారాల దాకా ఇంచుమించు మామూలుగానే పెరిగి, ఆ తర్వాత పిండమండలం ఎండిపోతుంది. అంటే పునాది దానంతటదే వేసుకుంటుంది. ఆపై అంతస్తులకు మాత్రం పిట్యూటరీ పంపే ఏసీటీహెచ్ అనే హార్మోన్ కావాలి. డాక్టరమ్మ అన్న "కబురు" అదే.

ఈ సంగతి ఎలుకల్లో ఎప్పుడో రుజువైంది. 1937లో ఇంగిల్, కెండల్ అనే పరిశోధకులు ఎలుకలకు అడ్రినల్ సారాన్ని పెద్ద మోతాదులో ఇచ్చి చూశారు. బయటినుంచి హార్మోన్ పుష్కలంగా వస్తుంటే పిట్యూటరీ కబురు ఆగి, సొంత గ్రంథి ముడుచుకుపోయింది. మరుసటి ఏడు ఇంగిల్, హిగ్గిన్స్ ఇంకో అడుగు వేశారు. గ్రంథి లోపలిదంతా పిండి తీసేసి, పై తొడుగు మాత్రం వదిలేస్తే కార్టెక్స్ మళ్లీ మొలిచింది. విత్తనం తొడుగు దగ్గరే ఉందన్నమాట. ఇప్పుడు దాని లెక్క ఇంకా బాగా తెలుసు. తొడుగు కింద పుట్టిన కణాలు మెల్లగా లోపలికి జరుగుతూ, ముందు ఉప్పు హార్మోన్ చేసి, తర్వాత కార్టిసాల్‌కు మారి, చివరికి మెడుల్లా సరిహద్దు దగ్గర చనిపోతాయి. ఎలుకల్లో కణాలకు గుర్తులు పెట్టి మరీ ఈ ప్రయాణం చూశారు. ఇలా తనను తాను తిరిగి కట్టుకునే అవయవానికి, వాడీ వాడీ అరిగిపోయిన యంత్రం పోలిక ఎలా అతుకుతుంది?

పని ఎక్కువైతే ఏమవుతుందో చెప్పే సాక్ష్యం 1865 నాటిది. నేపుల్స్‌లో లుయిజి దె క్రెక్కియో అనే శరీరశాస్త్రవేత్త, పురుషుడిగా బతికిన ఒక వ్యక్తి శవాన్ని పరీక్షిస్తే లోపల గర్భాశయం, అండాశయాలు కనిపించాయి, వాటితోపాటు విపరీతంగా పెరిగిన అడ్రినల్ గ్రంథులు. పుట్టుకతోనే వచ్చే ఈ జబ్బులో సాధారణంగా లోపించేది 21-హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైమ్. అది లేకపోతే కార్టిసాల్ తయారు కాదు. కార్టిసాల్ రాలేదని పిట్యూటరీ మళ్లీ మళ్లీ కబురు పెడుతుంది. గ్రంథి పెరుగుతుంది, ఇంకా పెరుగుతుంది, చేయగలిగిన పురుష హార్మోన్లు మాత్రం కుమ్మరిస్తుంది. పుట్టకముందు నుంచీ నిరంతరం కొరడా దెబ్బలు తింటున్న గ్రంథి ఇది. వీడియో సిద్ధాంతం నిజమైతే అన్నిటికంటే ముందు చతికిలబడాల్సింది ఇదే. అది లావెక్కుతోంది.

ఎదుగుదల ఆగిపోయే జబ్బులు ఇంకో తరహా. ఎక్స్ క్రోమోజోమ్ మీద డాక్స్-1 అనే జన్యువు పాడైతే మగపిల్లల్లో పిండమండలం పోయాక మిగలాల్సిన శాశ్వత కార్టెక్స్ సరిగ్గా రూపుకట్టదు. దీన్ని 1994లో గుర్తించారు. మామూలుగా డాక్స్-1 చేసే పని ఎస్‌ఎఫ్-1కు కళ్లెం వేయడం. కళ్లెం తీసేస్తే గ్రంథి ఇంకా పెరగాలి కదా? చాలామంది ఒప్పుకునే వివరణ ఏమిటంటే, అదుపు లేక మూలకణాలన్నీ తొందరపడి ముదిరిపోతాయి, తర్వాతి పంటకు విత్తనం మిగలదు. అలాంటి అబ్బాయిల్లో యౌవన లక్షణాలు కూడా రావు, ఎందుకంటే ఆ జన్యువు పని మెదడులోనూ, పిట్యూటరీలోనూ కూడా ఉంది.

సీడీకేఎన్1సీ అనే జన్యువు కథ ఇంకా చిత్రం. కణాలు విభజన ఆపాల్సిన సమయం చెప్పేది అది. పని చేయకపోతే బెక్‌విత్-వీడెమాన్ సిండ్రోమ్ వస్తుంది: బిడ్డ పెద్దగా, నాలుక పెద్దగా, అడ్రినల్ కణాలు కూడా పెద్దపెద్దగా. అదే జన్యువు అతిగా పనిచేసే మార్పు వస్తే ఎదుగుదల కుంచించుకుపోయి, అడ్రినల్ గ్రంథులు చిటికెడంత అవుతాయి. ఈ రెండోదాన్ని 2012లో కనిపెట్టారు. తల్లి నుంచి వచ్చిన నకలు మాత్రమే ఇక్కడ చెల్లుతుంది. తండ్రి నుంచి వచ్చింది నోరు మూసుకుని ఉంటుంది.

2016లో బయటపడ్డ శామ్‌డీ9 మార్పును తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఆ జన్యువు కణాల పెరుగుదలకు బ్రేకు, మార్పు వల్ల బ్రేకు మరీ గట్టిగా పడుతుంది. రక్తకణాలు కొన్ని దాన్నుంచి తప్పించుకోవడానికి, ఆ జన్యువున్న ఏడో క్రోమోజోమ్‌నే పారేస్తాయి. ఊపిరాడుతుంది గానీ, ఏడో క్రోమోజోమ్ ఒకటి పోయిన రక్తకణాలు ల్యుకేమియాకు దారితీయవచ్చు. అడ్రినల్ గ్రంథికి ఆ తప్పించుకునే దారీ దొరకదు, చిన్నదిగానే ఉండిపోతుంది.

ఇంకొందరిలో గ్రంథి ఏర్పడుతుంది, కబురూ వస్తుంది, కానీ తలుపు దగ్గర అందుకునేవాళ్లుండరు. ఏసీటీహెచ్‌ను అందుకునే గ్రాహకం గానీ, దాన్ని కణం ఉపరితలానికి తెచ్చే ప్రొటీన్ గానీ లోపిస్తే ఫలితం నా ప్రెడ్నిసొలోన్ చేసినలాంటిదే, కాకపోతే పుట్టుకతో.

చాలా దేశాల్లో పుట్టిన బిడ్డ మడమ నుంచి రక్తపు చుక్క తీసి పరీక్షిస్తారు. 21-హైడ్రాక్సిలేజ్ లోపాన్ని అది పట్టుకుంటుంది, 10 నుంచి 20 వేల జననాలకు ఒకరు చొప్పున. ముఖ్యంగా మగపిల్లలకు ఇది ప్రాణదానం. ఆడపిల్లల్లో జననాంగాల తేడా చూసి అనుమానించవచ్చు. మగపిల్లాడు చూడ్డానికి మామూలుగా ఉండి, రెండు మూడు వారాలకు ఉప్పు కోల్పోయి హఠాత్తుగా వాలిపోతాడు. కానీ ఆ పరీక్ష చూసేది కార్టిసాల్‌గా మారలేక పేరుకుపోయిన ముడిసరుకును. అసలు గ్రంథే ఎదగని బిడ్డలో పేరుకోవడానికి సరుకుండదు, పరీక్ష బాగానే ఉందంటుంది. స్క్రీనింగ్ అయింది కదా అని వాంతులు చేసుకుంటున్న మూడు వారాల పసివాడి సోడియం చూడకపోవడం ప్రమాదం. ఆ వీడియోలకు వచ్చే శ్రద్ధలో పదో వంతు ఈ ఒక్క సంగతికి రావాలని నా ఆశ.

మందుల సంగతి దగ్గర నాకు గట్టి అభిప్రాయమే ఉంది. గర్భిణి స్టెరాయిడ్ వేసుకుంటే బిడ్డ గ్రంథి నా గ్రంథిలాగే ముడుచుకుపోతుందా? అన్నీ ఒకటి కావు. మాయలోని ఒక ఎంజైమ్ తల్లి కార్టిసాల్‌ను, ప్రెడ్నిసొలోన్‌ను చాలావరకు నిర్వీర్యం చేసేస్తుంది. కాబట్టి ఉబ్బసానికి డాక్టర్ ఇచ్చిన మాత్రను నాలాగా భయపడి మానేయడం తప్పు. డెక్సామెథసోన్, బీటామెథసోన్ ఆ కాపలా దాటిపోతాయి. నెలలు నిండకుండా కాన్పు అయ్యేలా ఉంటే బిడ్డ ఊపిరితిత్తులు పండటానికి వాటినే ఇచ్చేది అందుకే. 1972లో లిగ్గిన్స్, హోవీ న్యూజిలాండ్‌లో చేసిన ప్రయోగంతో ఇది మొదలైంది, ఎందరో పిల్లల్ని బతికించింది. ఒకటి రెండు రోజుల మోతాదు బిడ్డ గ్రంథిని కొద్దికాలం అణచినా అది తేరుకుంటుంది.

అదే డెక్సామెథసోన్‌ను వారాల తరబడి, గ్రంథి రూపుకడుతున్న దశలోనే ఇవ్వడం వేరే లెక్క. 21-హైడ్రాక్సిలేజ్ లోపమున్న ఆడపిల్లల జననాంగాల్లో మార్పు రాకుండా 1980ల నుంచి కొందరు ఇలా ఇస్తూ వచ్చారు. తొమ్మిదో వారం లోపే మొదలుపెట్టాలి. అప్పటికి జబ్బుందో లేదో తెలియదు. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి, అందులో ఆడపిల్ల సగం. అంటే ఎనిమిది మందికి మందు మొదలుపెడితే ఏడుగురికి అది అనవసరం. తల్లి రక్తం నుంచే బిడ్డ లింగం త్వరగా తెలుసుకునే పరీక్షలు వచ్చాక ఈ సంఖ్య తగ్గించవచ్చు, కానీ ప్రశ్న పోదు. నిపుణుల సంఘాలు దీన్ని ఇంకా ప్రయోగాత్మకంగానే చూడాలంటున్నాయి. నేను ఇంకాస్త కటువుగా అంటాను: గ్రంథికి కబురు ఆపేస్తే ఏమవుతుందో 1937 నుంచి తెలిసి కూడా ఇంత తేలిగ్గా ఎలా మొదలుపెట్టారు?

కాన్పు సమయంలో జరిగేవి క్లుప్తంగా. పుట్టినప్పుడు గ్రంథి పెద్దది, రక్తం బాగా నిండినది కాబట్టి కష్టమైన కాన్పులో, ఊపిరాడని బిడ్డలో లోపల రక్తస్రావం కావచ్చు. చాలాసార్లు ఒక పక్కే అయి, మెల్లగా కరిగి సున్నపు మచ్చ మిగులుతుంది. రసాయనాల విషయంలో పెద్ద పెద్ద మాటలు వింటుంటాం గానీ, తిరుగులేని ఉదాహరణ ఒకటుంది. పురుగుమందు డీడీటీకి దగ్గరి బంధువైన డీడీడీ కుక్కల అడ్రినల్ కార్టెక్స్‌ను ఎండగడుతుందని 1949లో చూశారు. అందులోంచి తీసిన మైటోటేన్‌నే ఇప్పుడు అడ్రినల్ క్యాన్సర్‌కు మందుగా వాడుతున్నారు.

ఇక నా గ్రంథులు. ఏడాదికి కొంచెం తక్కువ కాలం హైడ్రోకార్టిసోన్ మాత్రలు తగ్గించుకుంటూ వచ్చాను. ముందు పిట్యూటరీ మేలుకుంటుందట, గ్రంథి ఇంకొన్ని నెలల తర్వాత గానీ అందుకోదు. ఉదయం ఎనిమిదింటికి రక్తం ఇవ్వడం, అంకె చూసి పెదవి విరవడం, ఇదే తంతు. ఉప్పు హార్మోన్ తగ్గితే రక్తంలో పొటాషియం పెరుగుతుంది, ఈలోపు నాది ఒక్కసారీ పెరగలేదు. ఎందుకని అడిగితే, ఉప్పు చూసుకునే బయటి పొరకు కబురు పిట్యూటరీ నుంచి కాక కిడ్నీ నుంచి వస్తుందని, అది చెక్కుచెదరలేదని డాక్టరమ్మ చెప్పింది. కిడ్నీది ఇరుగుపొరుగు చుట్టరికమేనని పైన కొంచెం ఎక్కువే మాట్లాడాను. పుట్టుకలో సంబంధం లేకపోయినా, పెద్దయ్యాక మాటామంతీ ఉంది.

వదినకు ఇదంతా చెప్పలేదు. ఫోన్‌లో ఇంతే చెప్పాను: "అడ్రినల్ ఫెటీగ్ అన్న పేరు 1998లో ఒకాయన పెట్టింది వదినా. 2016లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ వేసి చూస్తే, అలాంటి జబ్బుందనడానికి ఆధారం లేదని తేలింది. నీ నీరసం మాత్రం అబద్ధం కాదు. రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించుకో. చర్మం నల్లబడుతున్నా, నిలబడితే కళ్లు తిరుగుతున్నా పొద్దున కార్టిసాల్ కూడా చూడమను."

"అయితే ఆ గుళికలు వద్దంటావా? సీసా వచ్చేసింది మరి."

"తెరవకు. వెనక ఏం రాసుందో ఫోటో తీసి పంపు."

పంపింది. సన్నటి అక్షరాల్లో మూడో వరుసలో ఉంది: ఎండబెట్టిన ఆవు అడ్రినల్ గ్రంథి పొడి. అందులో హార్మోన్ లేకపోతే పనికిరాదు. ఉంటే, 1937లో ఎలుకలకు ఇచ్చింది అదే.